చెక్క లేత్‌కి ఎంత మోటారు కావాలి?



చెక్కని తిప్పుతూ ఉలి ఆనించి గుండ్రంగా తీసే పనిని మన పెద్దవాళ్లు తరిమెన పట్టడం అనేవారు. మంచం కోళ్లు, ఉయ్యాలబల్ల కమ్మీలు, పసుపు కుంకుమ భరిణెలు అన్నీ దానిమీద తీసినవే. ఇప్పుడు వడ్రంగి షాపుల్లో లేత్ అనే అంటున్నారు, నేనూ అలాగే అంటాను. ఈ లేత్ మిషను కొనాలనే సరదా ఈ మధ్య షాపులు దాటి ఇళ్లలోకి కూడా వచ్చింది. ఉద్యోగం నుంచి రిటైరైనవాళ్లు, సెలవు రోజుల్లో కంప్యూటర్ మూసేసి చేతులతో ఏదైనా చేద్దామనుకునే కుర్రాళ్లు, ఫర్నిచర్ షాపు పక్కనే ఇంకో వ్యాపకం పెట్టుకుందామనుకునేవాళ్లు అడుగుతుంటారు. అందరిదీ ఒకటే ప్రశ్న. "ఎంత హెచ్‌.పి. మోటారు తీసుకోమంటారు?"

దీనికి నేను వెంటనే అంకె చెప్పను. "ఎంత వెడల్పు చెక్క తిప్పుదామని?" అని ఎదురడుగుతాను. అది తేల్చుకోకుండా డబ్బా మీద రెండు హెచ్‌.పి. అని రాసి ఉంది కదా అని కొనేస్తే, పెద్ద గిన్నె అంచుకి ఉలి ఆనించగానే మిషను మూలిగి ఆగిపోవచ్చు. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను. ముందు చిన్న బొమ్మలతో మొదలుపెడదాం.

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడ లేత్ మీద తీసే లక్క బొమ్మలకి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవం నాడు ఆంధ్రప్రదేశ్ శకటం మీద అవి ఢిల్లీలో ఊరేగాయి కూడా. కరెంటు మోటార్లు రాకముందు ఆ పనికి ఇద్దరు మనుషులు కావలసివచ్చేది. చెక్క బిగించిన ఇరుసుకి తాడు చుట్టి ఒకరు అటూ ఇటూ లాగుతుంటే, రెండోవారు ఉలి పట్టేవారు. తాడు ఒక వైపు లాగినప్పుడే చెక్క ఉలి మీదకి తిరుగుతుంది. ఎదురు లాగినప్పుడు ఉలిని కాస్త వెనక్కి తియ్యాలి. సగం సేపు పని, సగం సేపు ఎదురుచూపు. ఆరోగ్యంగా ఉన్న మనిషి గంటల తరబడి నిలకడగా ఇవ్వగల బలం సుమారు 75 వాట్లు. ఒక హార్స్‌పవర్ అంటే 746 వాట్లు. అంటే ఆ తాడు లాగే మనిషి హార్స్‌పవర్‌లో పదో వంతు మోటారన్నమాట. అందులోనూ ఉలికి అందేది సగమే.

మరి అంత తక్కువ బలంతో తరాల తరబడి బొమ్మలు ఎలా తీశారు? అంకుడు కర్ర ఒక కారణం. మెత్తని కర్ర, సన్నని పోగు, తెల్లని రంగు. ఉలికి వెన్నలా లొంగుతుంది. అంతకంటే పెద్ద కారణం బొమ్మ సైజు. బొంగరం, గిలక్కాయ, భరిణె, రాజారాణి, అన్నీ గుప్పిట్లో ఇమిడేవే. రెండు మూడు అంగుళాల వెడల్పుకి పెద్ద బలం అక్కర్లేదు, వేగం ఉంటే చాలు.

ఆ వేగం నిజంగా అక్కరకొచ్చేది లక్క పట్టేటప్పుడు. ఉలి పని అయ్యాక రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న బొమ్మకి నొక్కి పెడతారు. రాపిడికి వేడి పుట్టి, లక్క కరిగి, చెక్కని పట్టుకుంటుంది. ఆ మీద మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. నొక్కగానే మిషను మెల్లబడితే వేడి చాలదు, లక్క పొరలా పరుచుకోకుండా మచ్చలు మచ్చలుగా అంటుకుంటుంది. రసాయన రంగుల బదులు చెట్ల రంగుల్ని ఆ లక్కలోకి మళ్లీ తెచ్చినందుకు ఆ ఊరి సి.వి.రాజు గారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. రంగు ఏదైనా రాపిడి తప్పదు. కాబట్టి బొమ్మలు, పెన్నులు, చపాతీ కర్రలు, చిన్న భరిణెలు మాత్రమే మీ ఉద్దేశమైతే అర హెచ్‌.పి. నిక్షేపంగా సరిపోతుంది. మీ ఊళ్లో వోల్టేజీ నిలకడగా ఉంటే, ఎవరు ఏం చెప్పినా అంతకు మించి ఖర్చు పెట్టకండి.

ఇక గిన్నెల సంగతి. అదే అర హెచ్‌.పి. మిషను మీద పన్నెండు అంగుళాల మామిడి చెక్క బిగించారనుకోండి. కథ పూర్తిగా మారిపోతుంది. తిరగలికి పిడి నడిమధ్యన కాకుండా అంచున ఎందుకు పెడతారు? అంచున పట్టుకుంటే తక్కువ బలంతో తిప్పొచ్చు కనుక. లేత్ మీద ఆ సౌకర్యం మోటారుకి దక్కదు, ఉలికి దక్కుతుంది. మోటారు నడుమనున్న ఇరుసుని తిప్పుతుంటే ఉలి అంచుని పట్టుకుని ఆపుతుంది. చెక్క ఎంత వెడల్పైతే మోటారు మీద ఉలికి అంత పైచెయ్యి.

లెక్క వేసి చూద్దాం. పెద్ద లెక్కేం కాదు, వింటూ వెయ్యొచ్చు. మన 50 హెర్ట్‌జ్ కరెంటు మీద నడిచే మామూలు నాలుగు పోళ్ల ఇండక్షన్ మోటారు నిమిషానికి సుమారు 1440 చుట్లు తిరుగుతుంది. అది ఒక హెచ్‌.పి. మోటారైతే దాని ఇరుసుకి మీటరు పొడవు కడ్డీ కట్టి, ఆ చివర అర కిలో బరువు వేలాడదీస్తే దాన్ని నిలపడానికి ఎంత మెలితిప్పు కావాలో అంత మెలితిప్పు ఇస్తుంది. దీన్నే టార్క్ అంటారు. పన్నెండు అంగుళాల గిన్నెకి నడుమ నుంచి అంచుకి దూరం పదిహేను సెంటీమీటర్లు. అంటే అంచు దగ్గర ఉలికి ఎదురు నిలిచే బలం మూడు కిలోల పైచిలుకు. అంతే. ముడి ఉన్న చోటో, పచ్చి చెక్క పోగు అడ్డం తిరిగిన చోటో ఉలి కాస్త లోతుగా దిగితే ఆ మూడు కిలోలు నిలవవు.

అసలు పన్నెండు అంగుళాల చెక్కని 1440 చుట్ల మీద తిప్పనే కూడదు. పనివాళ్లు పాటించే ఒక కొలత ఉంది. చెక్క వెడల్పుని అంగుళాల్లో తీసుకుని నిమిషానికి తిరిగే చుట్లతో హెచ్చవేస్తే ఆరు వేలకీ తొమ్మిది వేలకీ మధ్య రావాలి. పన్నెండు అంగుళాలకి ఐదు వందల నుంచి ఏడు వందల యాభై. మూడు అంగుళాల బొమ్మకి రెండు వేలు, మూడు వేలు. బరువు ఒక పక్కకి ఒరిగిన మొద్దు చెక్కని మొదట గుండ్రం చేసేటప్పుడు అంతకంటే మెల్లగా మొదలుపెట్టాలి. కాబట్టి వేగం తగ్గించాలి. ఎలా తగ్గిస్తారన్న దానిమీదే అంతా ఆధారపడి ఉంది.

పాత పద్ధతి పుల్లీలది. మోటారుకి చిన్న పుల్లీ, ఇరుసుకి దానికి మూడింతల పుల్లీ, మధ్యన బెల్టు. అప్పుడు 1440 కాస్తా 480 అవుతుంది. వేగం మూడో వంతుకి తగ్గితే టార్క్ మూడింతలు పెరుగుతుంది. బెల్టు దగ్గర కొద్దిగా పోయేది వదిలేస్తే, గిన్నె అంచున ఇందాక చెప్పిన మూడు కిలోలు పదవుతాయి. మోటారు అదే, కరెంటు అదే.

కొత్త పద్ధతి నాబ్‌ది. షాపులో అమ్మే కుర్రవాడు మహా ఉత్సాహంగా చెబుతాడు. "సార్, దీనికి బెల్టు మార్చే గొడవే లేదు. ఈ నాబ్ తిప్పండి, సున్నా నుంచి మూడు వేల దాకా ఏ స్పీడ్ కావాలంటే ఆ స్పీడ్." అబద్ధం కాదు. కాని అతను చెప్పనిదొకటుంది. ఎలక్ట్రానిక్స్‌తో వేగం తగ్గిస్తే టార్క్ పెరగదు, మహా అయితే ఉన్నది ఉన్నట్టు నిలుస్తుంది. టార్క్ అలాగే ఉండి వేగం మూడో వంతైతే మిగిలే బలం కూడా మూడో వంతే. ఒక హెచ్‌.పి. మోటారుని నాబ్‌తో 480కి దించితే మీ చేతికొచ్చేది హెచ్‌.పి.లో మూడో వంతు. అంచున మళ్లీ ఆ మూడు కిలోలే. డబ్బా మీద రాసిన హెచ్‌.పి. మిషను నిండు వేగంతో తిరుగుతున్నప్పటిది. పెద్ద చెక్కకి బలం కావలసింది మాత్రం మెల్లగా తిరుగుతున్నప్పుడు.

నాబ్ వద్దని నేననడం లేదు. నాకూ అదంటే ఇష్టమే. చెక్క ఊగుతుంటే చెయ్యి చాపి వేగాన్ని ఓ యాభై చుట్లు దించడం గొప్ప సుఖం. నాబ్‌తో పాటు పుల్లీలు కూడా రెండు మూడు మెట్లు ఉన్నాయా అన్నది చూడండి. మంచి లేత్‌లలో రెండూ ఉంటాయి. పెద్ద పనికి బెల్టుని కింది మెట్టుకి మార్చి, సన్న సవరింపులు నాబ్‌తో చేసుకోవచ్చు. అమ్మేవాణ్ణి "దీనికి ఎన్ని హెచ్‌.పి.?" అని అడగకండి. "బెల్టు అన్నిటికంటే కింది మెట్టులో ఉన్నప్పుడు స్పీడ్ ఎంత నుంచి ఎంత?" అని అడగండి. తడుముకున్నాడంటే ఆ మిషను సంగతి అతనికీ తెలీదని.

ఇప్పుడు మోటారు ఒంటిమీద రివెట్లు కొట్టి బిగించిన చిన్న రేకు దగ్గరికి వద్దాం. కొనేవాళ్లలో చాలామంది రంగు చూస్తారు గాని ఆ రేకు చదవరు. ఒక హెచ్‌.పి. సింగిల్ ఫేజ్ మోటారు మీద సుమారు ఇలా ఉండాలి. కిలోవాట్లు 0.75. వోల్టులు 230. ఆంపియర్లు ఆరు, ఆరున్నర, ఆ దరిదాపుల్లో. ఆర్‌.పి.ఎం. 1440. డ్యూటీ ఎస్1. ఈ ఎస్1 అన్నది ముఖ్యం. పూర్తి లోడు మీద ఆపకుండా నడవగలదని దాని అర్థం. ఎస్2 అని ఉండి పక్కన నిమిషాలు వేసి ఉంటే, అది కాసేపు పనిచేసి చల్లారాల్సిన రకం. గిన్నె ఒకటి తియ్యడానికి గంట పడుతుంది కాబట్టి దాన్ని అక్కడే వదిలెయ్యండి.

ఆంపియర్లు అబద్ధాన్ని పట్టిస్తాయి. డబ్బా మీద ఒక హెచ్‌.పి., రేకు మీద మూడున్నర ఆంపియర్లు ఉన్నాయనుకోండి. 230ని మూడున్నరతో హెచ్చవేస్తే 805. హెచ్‌.పి. అంటే 746 కదా, సరిపోయిందే అనిపిస్తుంది. సరిపోదు. లోపలికి పోయినదంతా ఇరుసు మీదకి రాదు. చిన్న ఇండక్షన్ మోటారులో నాలుగో వంతో అంతకంటే ఎక్కువో వేడిగా పోతుంది. దాని మీద పవర్ ఫ్యాక్టర్ అనే ఇంకో కోత ఉంది. అవన్నీ పోగా ఆ మోటారు ఇచ్చేది అర హెచ్‌.పి.కి కాస్త అటూ ఇటూ. కొన్ని కంపెనీలు లోపలికి తీసుకునే వాట్లనే పెద్ద అక్షరాలతో వేసి, బయటికి ఇచ్చేది ఎంతో చెప్పవు. అనుమానమొస్తే మోటారుని ఎత్తి చూడండి. రాగి తీగ, ఇనుప రేకులు నిండుగా ఉన్న ఒక హెచ్‌.పి. ఇండక్షన్ మోటారు పది కిలోలకి పైనే తూగుతుంది. ఒంటి చేత్తో ఊపుకుంటూ తిప్పగలిగితే ఎక్కడో కక్కుర్తి పడ్డారన్నమాట.

మన ఊళ్ల కరెంటు గురించి కూడా చెప్పాలి. విదేశీ వీడియోలు చూసి లేత్ ఎంచుకునేవాళ్లకి ఈ విషయం అక్కడ ఎవరూ చెప్పరు. ఇండక్షన్ మోటారు టార్క్ వోల్టేజీ వర్గాన్ని బట్టి పడిపోతుంది. 230 వోల్టులు ఉండాల్సిన చోట సాయంత్రం 180కి జారిందనుకోండి, తగ్గింది ఐదో వంతే కదా అనుకుంటాం. వర్గం చేస్తే మోటారు గరిష్ఠ బలం అరవై శాతానికి దిగుతుంది. ఎంత పడినా అదే పని లాగాలి కాబట్టి మోటారు ఎక్కువ కరెంటు గుంజుకుంటుంది, వేడెక్కుతుంది. బరువైన చెక్క బిగించి స్విచ్ వేసే క్షణం మరీ కష్టం. ఆ క్షణంలో మామూలు కంటే ఐదారు రెట్లు కరెంటు గుంజుతుంది. ఆరు ఆంపియర్ల ప్లగ్గుకి సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు తగిలించి, దాని చివర ఒకటిన్నర హెచ్‌.పి. లేత్ పెట్టడం కంటే తెలివితక్కువ పని లేదు. ఒక హెచ్‌.పి. నుంచి పైకి పదహారు ఆంపియర్ల పాయింటు, బోర్డు నుంచి విడిగా దళసరి వైరు, సరైన ఎర్తు ఉండాలి. ఎలక్ట్రీషియన్‌కి ఇచ్చే కూలి కూడా లేత్ ఖర్చులో కలుపుకోండి.

వోల్టేజీ తరచూ పడే ఊళ్లో ఉంటే, మీ పనికి చాలే మోటారు కంటే ఒక మెట్టు పైది తీసుకోమని నా సలహా. కరెంటు బిల్లు పెరుగుతుందని భయపడకండి. రెండు హెచ్‌.పి. మోటారు ఎప్పుడూ రెండు హెచ్‌.పి. కరెంటు తాగదు. ఉలి ఎంత పని అడిగితే దాదాపు అంతే తీసుకుంటుంది.

నాబ్‌తో వేగం మార్చడానికి వీఎఫ్‌డీ అనే డబ్బా ఒకటుంది. ఇంట్లోని సింగిల్ ఫేజ్ తీసుకుని మూడు ఫేజులుగా మార్చి మోటారుకిస్తుంది, వేగం కూడా తనే మారుస్తుంది. త్రీ ఫేజ్ మోటారుకి కెపాసిటర్ బాధ లేదు, వణుకు తక్కువ, మొదలయ్యేటప్పుడు కుదుపు ఉండదు. పాత లేత్‌కి కొత్త ప్రాణం పొయ్యాలంటే ఇంతకు మించినది లేదు. ఐతే మన బజారులో దొరికే చిన్న త్రీ ఫేజ్ మోటార్లు ఎక్కువగా 415 వోల్టులకి స్టార్ కనెక్షన్‌లో ఉంటాయి. ఇంటి కరెంటు మీద నడిచే వీఎఫ్‌డీ ఇచ్చేది 230. కాబట్టి టెర్మినల్ బాక్సులో ఆరు కొనలూ బయటికి ఉండాలి, వాటిని డెల్టా కనెక్షన్‌కి మార్చుకోవాలి. కొనేముందే మూత విప్పించి చూడండి. మూడు కొనలే కనిపిస్తే రివైండింగ్ షాపువాళ్లతో మాట్లాడాకే డబ్బివ్వండి. ఇంకో మాట, మోటారుని చల్లబరిచే ఫ్యాన్ దాని ఇరుసుకే ఉంటుంది. నాబ్‌తో బాగా మెల్లగా తిప్పితే ఫ్యాన్ కూడా మెల్లబడి, మోటారు ఉడికిపోతుంది. పుల్లీ మెట్లు కావాలనడానికి ఇదొక కారణం.

రివైండింగ్ షాపు అన్నాను కాబట్టి అక్కడ తరచూ కనిపించేది చెబుతాను. చెక్క పని దగ్గర్నుంచి వచ్చిన మోటారు మూత విప్పితే లోపల రంపపు పొట్టు పరుపులా పేరుకుని ఉంటుంది. తీగల మధ్య సందుల్లో మెత్తగా, జిడ్డుగా, నల్లగా. గాలి ఆడే దారి ఉండదు. "బాబూ, ఇది వోల్టేజీకి కాలలేదు, పొట్టుకి కాలింది" అంటాడు మేస్త్రీ, పుల్లతో ఆ పొట్టుని గీరి చూపిస్తూ. చెక్క పనికి ఒంటినిండా మూసి ఉండి, బయటినుంచి ఫ్యాన్ గాలి తగిలే రకం మోటారే తీసుకోవాలి. దాన్ని టీఈఎఫ్‌సీ అంటారు. ఒంటికి కన్నాలున్న మోటారు చవకగా వస్తోందని సంబరపడకండి.

ఇక అంకెలు. పది, పన్నెండు అంగుళాల దాకా గిన్నెలు తియ్యాలంటే పుల్లీ మెట్లున్న ఒక హెచ్‌.పి. పదహారు అంగుళాలైతే ఒకటిన్నర నుంచి రెండు. ఇరవై, ఆ పైన పళ్లేలు, పచ్చి మొద్దులైతే రెండు నుంచి మూడు, ఆ పని ఇంట్లో కాదు, షెడ్డులో. మంచం కోళ్లు, మెట్ల కమ్మీలు పొడవైనవే గాని లావు నాలుగైదు అంగుళాలు దాటవు కాబట్టి ముక్కాలు నుంచి ఒక హెచ్‌.పి. చాలు, వాటికి బెడ్ పొడవు చూసుకోండి. తుమ్మలాంటి గట్టి కర్ర, ఎండిన టేకు ఎక్కువగా తిప్పేవాళ్లు ప్రతిదానికీ ఒక మెట్టు పైకి వెళ్లొచ్చు.

మోటారు పెంచినప్పుడు మిషను ఒళ్లు కూడా పెరగాలి. నలభై కిలోల రేకు లేత్‌కి రెండు హెచ్‌.పి. తగిలిస్తే అది టేబుల్ మీద గంతులేస్తుంది. పోత ఇనుము బెడ్, లావుపాటి ఇరుసు, మంచి బేరింగులు లేకుండా హెచ్‌.పి. ఒక్కటే పెంచి అమ్మే మిషన్లు ఉన్నాయి. వాటికంటే బరువైన ఒక హెచ్‌.పి. మిషను ఎంతో మేలు.

బలం ఎక్కువైతే వచ్చే ప్రమాదం గురించి షాపులో ఎవరూ చెప్పరు. అర హెచ్‌.పి. లేత్ మీద ఉలి చెక్కలో దిగబడితే మోటారు ఆగిపోతుంది, గుండె దడతో సరి. రెండు హెచ్‌.పి. మోటారు ఆగదు. చెక్కని చీలుస్తుంది, ఉలిని విసురుతుంది, లేదా గిన్నెనే, దాన్ని పట్టి ఉంచే చక్ నుంచి ఊడబీకి మీ మీదకి పంపుతుంది. అందుకే బెల్టుని తీగలా బిగించకండి. మరీ బరువు పడ్డప్పుడు కాస్త జారేలా ఉంటే మంచిది. నాబ్ ఉన్నవాళ్లు స్విచ్ వేసే ముందు ప్రతిసారీ అది కింద ఉందో లేదో చూడాలి. పొద్దున చిన్న బొమ్మకి రెండున్నర వేల మీద వదిలేసి, మధ్యాహ్నం పద్నాలుగంగుళాల మొద్దు బిగించి స్విచ్ నొక్కితే ఆ మొద్దు షెడ్డు కప్పుని వెతుక్కుంటుంది. చున్నీ, కొంగు, వదులు చొక్కా చేతులు, మణికట్టుకి కట్టిన దారాలు, మెడలో గొలుసు, విరబోసిన జుట్టు ఏవీ లేత్ దగ్గరికి రాకూడదు. గ్లవ్స్ కూడా వేసుకోకూడదు. చేతిని కాపాడతాయనుకుంటాం గాని అవే చేతిని లోపలికి లాగుతాయి. ముఖానికి నిండు షీల్డు ఉండాలి, కళ్లద్దాలు చాలవు.

మోటారు చాలడం లేదని ఫిర్యాదు చేసేవాళ్ల ఉలి ఒకసారి చూడాలి. మొద్దుబారిన ఉలి చెక్కని కొయ్యదు, రుద్దుతుంది. మోటారు బలంలో సగం ఆ రుద్దుడుకే పోతుంది. పదును పెట్టి చూడండి, అదే మిషను అదే చెక్కని పొడవాటి రిబ్బన్లలా తీసి పడేస్తుంది. అందుకని బడ్జెట్ వేసుకునేటప్పుడు మొత్తం డబ్బు లేత్ మీదే పెట్టకండి. నాలుగు మంచి హైస్పీడ్ స్టీల్ ఉలులు, ఒక చక్, పదును పెట్టుకోవడానికి గ్రైండర్, ఫేస్ షీల్డు, ఇవన్నీ కలిస్తే చిన్న లేత్ ధరకి దగ్గరగా వస్తాయి.

చివరగా, కొనేచోట మిషను ఆడించి చూపించమనండి. ఉత్తగా తిరగడం కాదు, చెక్క బిగించి. మీరు తియ్యదలచుకున్న వెడల్పుకి దగ్గరగా ఉన్న ముక్క ఒకటి మీరే తీసుకెళ్లండి. బెల్టు కింది మెట్టులో, వేగం ఐదు వందల దగ్గర పెట్టి, పనితెలిసిన మనిషి చేత అంచు మీద ఉలి పట్టించండి. మోటారు గొంతు వినండి. కాస్త తగ్గి మళ్లీ అందుకుంటే సరే. మూలిగి నీరసించిందంటే పక్క మిషను చూడండి. చెక్క బిగించి చూపించడం కుదరదన్నారంటే, పక్క షాపు చూడండి.